గాలి మొదలైతే నిద్ర ఉండదు: 1996 తుఫాను, తాగుడు, చికిత్స

కొబ్బరిరాశి (2025 నవంబరు 9)

అందరికీ నమస్కారం. నాకు 40 ఏళ్లు. ముమ్మిడివరం దగ్గర ఒక ఊళ్లో కొబ్బరికాయల వ్యాపారం చేసుకుంటున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పుకోని సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను. పేరు కనపడదు కాబట్టే రాయగలుగుతున్నాను.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా తీరాన్ని తాకినప్పుడు నాకు పదకొండేళ్లు, మా తమ్ముడికి ఆరు. దీపావళికని నాన్నగారు తెచ్చిన మతాబులను అమ్మ పొయ్యి పక్కన ఆరబెట్టింది. చీకటి పడ్డాక పెంకులు ఒక్కొక్కటే లేచిపోయాయి, ఆ వెనకే నీళ్లు వచ్చాయి. నాన్నగారు అమ్మను దూలానికి మోకుతో కట్టి, మమ్మల్ని కిటికీ ఊచలు పట్టుకోమన్నారు. నేను ఎడమ చేత్తో ఊచను, కుడి చేత్తో తమ్ముడి మణికట్టును పట్టుకున్నాను. గోడ కూలింది. వాడి మణికట్టుకు దిష్టి తగలకుండా కట్టిన నల్లతాడు నా వేలికి చిక్కుకుని తెగింది. తాడు నా దగ్గర మిగిలింది.

ఆ తరవాత చదువు, పెళ్లి, ఒక పాప, వ్యాపారం అన్నీ జరిగాయి. కానీ దసరా వెళ్లి ఆకాశం మూసుకుందంటే, కొబ్బరి మట్టలు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు వినపడిందంటే నా ఒళ్లు నా మాట వినదు. అరచేతులు చెమట పడతాయి, గుండె దడదడలాడుతుంది, రాత్రంతా తలుపుల గడియలు చూసుకుంటూ తిరుగుతాను. మొదట్లో అలాంటి రాత్రులకు మాత్రమే ఒక క్వార్టరు తాగేవాణ్ణి. ఆరేళ్లుగా గాలి ఉన్నా లేకపోయినా రోజుకు మూడు దాకా అవుతున్నాయి. పొద్దున్నే చేతులు వణికి, కాయల లెక్క రాయలేకపోతున్నాను.

మొన్న అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మేము బడిలో తలదాచుకున్నాం. పాప చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తెల్లారాక చూస్తే దాని చేతి మీద నా అయిదు వేళ్లూ నీలంగా తేలి ఉన్నాయి. రాత్రి నొప్పి పుడుతోందని మూడు నాలుగుసార్లు ఏడ్చిందని మా ఆవిడ చెప్పింది. నాకు ఒక్కసారి కూడా వినపడలేదు. అందుకే అడుగుతున్నాను. ఇన్నేళ్ల తరవాత దీనికి చికిత్స ఉంటుందా? థెరపీ అంటే అదంతా మళ్లీ చెప్పుకోవడమేనా? చెబితే ఇంకా ఎక్కువ అవుతుందేమోనని భయంగా ఉంది. ముందు తాగుడు మానేసి వెళ్లాలా?

లంకమాస్టారు (నవంబరు 9)

బాబూ, నీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ వారంలో నేను కూడా తీరం ఊళ్లలో సహాయం చేయడానికి వెళ్లినవాణ్ణే. బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకు వెళ్లినవాళ్ల కోసం రేవుల్లో ఎదురుచూసిన ఆడవాళ్లను చూశాను. ఆ రోజుల్లో పట్నం నుంచి వచ్చిన కొందరు, మంచి మనసుతోనే కావచ్చు, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి జరిగింది చెప్పండి, చెప్పండి అని అడిగేవారు. చెప్పినవాళ్లు ఆ పూట అన్నం ముట్టేవారు కాదు. అందుచేత మానిన పుండును కెలకడం నాకు ఇష్టం లేదు. వేకువనే లేచి స్నానం చేసి జపం చేసుకో, పనిలో మునిగిపో, కాలం గడుస్తుంది. నీ మేలు కోరి చెబుతున్నాను.

గౌతమిగట్టు (నవంబరు 10)

నేను కాకినాడలో క్లినికల్ సైకాలజిస్టును. కొబ్బరిరాశి గారూ, మీ మూడు ప్రశ్నలకూ వివరంగా జవాబు చెప్పాలి కాబట్టి ఇది కాస్త పొడుగవుతుంది.

ముందుగా మాస్టారి మాట. ఆయన చూసింది నిజం. దుర్ఘటన జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతి మేలు చేయదని, కొందరికి కీడు కూడా చేయవచ్చని తరవాతి పరిశోధనల్లో తేలింది. అందుకే ఇప్పుడు దాన్ని సిఫారసు చేయడం లేదు. ఆ మొదటి రోజుల్లో కావలసినవి అన్నం, బట్ట, తనవాళ్ల ఆచూకీ, పక్కన ఒక మనిషి. కానీ మీ సంగతి వేరు, మీది మానిన పుండు కాదు. మానిన పుండయితే మట్టల చప్పుడుకు రక్తం కారదు.

మామూలు జ్ఞాపకానికి తేదీ ఉంటుంది. మీ పెళ్లి తలచుకుంటే అది ఫలానా ఏడాది జరిగిందని మీ ఒంటికి తెలుసు. ప్రాణాపాయంలో ముద్రపడిన జ్ఞాపకానికి చాలాసార్లు ఆ తేదీ అంటదు. చప్పుడు, వాసన, చలి ముక్కలు ముక్కలుగా నిలిచిపోతాయి, వాటిలో ఏ ఒక్కటి తగిలినా ఒళ్లు ఇప్పుడే ప్రమాదం వచ్చినట్టు లేచి నిలబడుతుంది. మొన్న బడిలో కూర్చున్నది 40 ఏళ్ల తండ్రే అయినా, ఆ చెయ్యి పట్టుకున్నది పదకొండేళ్ల అన్నయ్య. ఈ స్థితిని 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన మూడో వర్గీకరణ గ్రంథంలో పి.టి.ఎస్.డి. అనే పేరుతో ఒక రుగ్మతగా గుర్తించింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికుల బాధ దానికి ఒక ముఖ్య కారణం. వేధించే జ్ఞాపకాలు, పీడకలలు, ఆ ఊసు వచ్చే చోట్లకు పోకపోవడం, తప్పు నాదేనన్న నమ్మకం, ఎప్పుడూ ఉలికిపాటు, ఇవి నెల దాటి బతుకును ఆపుతుంటే చికిత్స అవసరమని అర్థం. ఆలస్యమయిందని చికిత్స పని చేయకపోదు. యాభై, అరవై ఏళ్లు దాటాక వచ్చి బాగుపడినవారు ఉన్నారు.

ఇక మళ్లీ చెప్పుకోవడం గురించి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటివారికి రెండు రకాల థెరపీలను ప్రధానంగా సూచించింది. మొదటిది, మనసుకు తగిలిన గాయం మీదనే దృష్టి పెట్టే ఆలోచనా ప్రవర్తనా చికిత్స. అందులో ఒక పద్ధతిలో, ఎడ్నా ఫోవా రూపొందించినది, కళ్లు మూసుకుని ఆ రాత్రిని ఇప్పుడు జరుగుతున్నట్టే చెబుతారు, దాన్ని రికార్డు చేసి ఇంటి దగ్గర రోజూ వింటారు. దాంతోపాటు మీరు తప్పించుకు తిరుగుతున్న చోట్లను తేలికయినదాని నుంచి కష్టమయినదాని దాకా ఒక వరసలో రాసుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతారు. సాధారణంగా 8 నుంచి 15 విడతలు, ఒక్కో విడత గంటన్నర. పాట్రీషియా రెసిక్ రూపొందించిన ఇంకో పద్ధతిలో 12 విడతలు ఉంటాయి. అందులో జరిగినదంతా వివరంగా చెప్పడం కంటే, దాని నుంచి మీరు ఏ తీర్పు ఇచ్చుకున్నారన్నదాన్ని పరీక్షకు పెడతారు. రెండోది 1987లో ఫ్రాన్సిన్ షాపిరో మొదలుపెట్టిన ఇ.ఎం.డి.ఆర్. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్టు వేలి కదలికను కళ్లతో అనుసరించడం అందులో ముఖ్యం. మాటల్లో చెప్పేది తక్కువ.

ఏ పద్ధతిలో అయినా మొదటి రోజే నీళ్లలోకి తోయరు. ఒకటి రెండు విడతలు మీ గురించి తెలుసుకోవడానికి, ఊపిరి నిదానం చేసుకోవడం, కాళ్ల కింద నేలను గుర్తుచేసుకోవడం నేర్పడానికే సరిపోతాయి. మధ్యలో కొన్ని రోజులు బాధ ఎక్కువగా అనిపించడం మామూలే, ఆ సంగతి మీకు ముందే చెప్పాలి. చెప్పని థెరపిస్టును మీరే అడగండి. మాస్టారూ, జపం మానమని నేను అనను. అది మనసుకు ఆసరా అయితే ఉండనివ్వాలి. పనిలో మునిగిపోవడం గురించి మాత్రం ఒక మాట ఉంది. కొబ్బరిరాశి గారు ఇరవై తొమ్మిదేళ్లుగా చేస్తున్నది అదే.

తాగుడు సంగతి ఇంకొకరు నాకంటే బాగా చెప్పగలరు. ఒక్కటి మాత్రం చెబుతాను. రెంటికీ కలిపే చికిత్స చేయాలి. పూర్తిగా మానేస్తే తప్ప గాయం జోలికి వెళ్లకూడదన్న పాత పట్టుదల ఇప్పుడు సడలింది. తాగిన రాత్రి భయం తగ్గుతుంది కానీ, ఆ భయం దానంతట అదే తగ్గగలదని ఒంటికి నేర్చుకునే అవకాశం పోతుంది. నిద్ర కూడా పైపైనే పడుతుంది, వేకువజాముకు ఉలికిపాటు రెట్టింపవుతుంది.

రాజోలుకోడలు (నవంబరు 10)

అన్నయ్యగారూ, ఇది మీ ఆవిడ చదివితే మంచిదని రాస్తున్నాను. మా ఆయనకు కూడా ఈ అలవాటు ఉండేది. చుట్టుపక్కల వాళ్లు చెబితే, తాగుడు మాన్పించే మాత్రలని ఒకచోట దొరికినవి పొడి చేసి పప్పులో కలిపి పెట్టాను. ఆ సాయంత్రం ఆయన తాగి వచ్చారు. పావుగంటలో ముఖం గోంగూర కాడలా ఎర్రబడి, వాంతులై, నాడి అందకుండా పడిపోయారు. 108లో తీసుకెళ్లాం. బతికారు. ఆయనకు నిజం చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఎవరూ ఆ పని చేయవద్దు.

నైట్‌డ్యూటీ (నవంబరు 11)

ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు స్టాఫ్ నర్సుగా పని చేసి రిటైరయ్యాను. చెల్లెమ్మా, నువ్వు చెప్పినదాన్ని బట్టి చూస్తే అది డైసల్ఫిరాం అయి ఉండాలి. అది మందే, విషం కాదు. కానీ తాగేవారికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పరీక్షలు చేశాక వేసుకోవలసిన మందు. తెలియకుండా పెడితే రక్తపోటు పడిపోయి ప్రాణం పోవచ్చు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు. రోజుకు మూడు క్వార్టర్లు, పొద్దున్నే వణుకు అని రాశావు. నువ్వు ఎట్టి పరిస్థితిలోనూ ఇంట్లో ఒక్కసారిగా మానవద్దు. ఒళ్లు దానికి అలవాటు పడింది. ఆపిన ఆరు గంటల నుంచి వణుకు, చెమటలు మొదలవుతాయి, రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు, మూడో రోజుకి కొందరు మనుషుల్ని గుర్తుపట్టలేరు, గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, జ్వరం వస్తుంది. సంక్రాంతి ముందు అయ్యప్ప మాల వేసుకుని ఒకేసారి మానేసి ఈ స్థితిలో మా వార్డుకు వచ్చినవారిని ఎంతమందినో చూశాను. వాళ్ల సంకల్పం గొప్పదే. వాళ్లకు ఎవరూ ఈ సంగతి చెప్పలేదు, అంతే. ఆసుపత్రిలో వారం రోజులుంటే వణుకు తగ్గే మందును రోజురోజుకూ తగ్గిస్తూ ఇస్తారు, థయమిన్ అనే బి1 విటమిన్ ఎక్కిస్తారు. ఆ తరవాత తాగాలన్న కోరికను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటివి ఉన్నాయి. ఏది సరిపోతుందో కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చూసి సైకియాట్రిస్టు చెబుతారు.

ఇంకొకటి. నిద్ర కోసం మందుల షాపులో ఆల్‌ప్రాజోలాం అడిగి తెచ్చుకుంటావేమో, వద్దు. తాగినదాని మీద అది పడితే నిద్రలోనే ఊపిరి మందగిస్తుంది. పైగా అది కూడా అలవాటుగా మారుతుంది, అప్పుడు మానవలసినవి రెండవుతాయి.

వశిష్ఠనీరు (నవంబరు 12)

నేను కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఐదేళ్లకు తిరిగి వచ్చినదాన్ని. అక్కడ జరిగినదాన్ని ఇక్కడ రాయను. తిరిగి వచ్చాక చికిత్సలో ఏం జరుగుతుందో నాకు తెలిసినంత చెబుతాను. అన్నయ్యగారు భయపడుతున్నది దానికే కదా.

ఇంటికొచ్చాక నాకు తాగుడు లేదు కానీ వేరే అలవాటు పట్టింది. పడుకునే ముందు గడియ వేశానో లేదో ఇరవై సార్లు చూసేదాన్ని. బ్లీచింగ్ వాసన వస్తే స్నానాల గది నుంచి బయటకు పరుగెత్తేదాన్ని. తెల్లవార్లూ ఫోన్లో ఏదో ఒకటి చూస్తూ ఉండేదాన్ని, కళ్లు మూస్తే ఆ ఇల్లు కనపడేది. మొదట ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నలభై నిమిషాలు తన మాటలే చెప్పి, క్షమించేయమ్మా, మనశ్శాంతి వస్తుంది అన్నారు. బస్సులో ఏడుస్తూ వచ్చాను, రెండేళ్లు మళ్లీ ఎక్కడికీ వెళ్లలేదు. అందుకే గట్టిగా చెబుతున్నాను. ఒకరు కుదరకపోతే థెరపీయే కుదరలేదని అనుకోకండి.

రెండోసారి కుదిరినావిడ నాతో ఒక కాగితం రాయించారు. జరిగింది ఎందుకు జరిగిందని మీరు అనుకుంటున్నారో ఒక పేజీ రాయండి అన్నారు. ఏం జరిగిందో రాయనక్కరలేదు, ఎందుకు జరిగిందో మాత్రమే. నేను వెళ్లాలని పట్టుబట్టాను కాబట్టి జరిగింది, అని రాశాను. ఆవిడ ఆ వాక్యం కింద గీత గీసి ఊరుకున్నారు. తరవాతి వారాల్లో ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని ప్రశ్నలు అడిగారు. వెళ్లేటప్పుడు మీకు ఏం తెలుసు? ఏం తెలియదు? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది? తలుపు తాళం ఎవరి చేతిలో ఉంది? జవాబులన్నీ నావే, ఆవిడ ఒక్కటీ చెప్పలేదు. తొమ్మిదో విడతలో కాబోలు, అదే పేజీ మళ్లీ రాయమంటే, అప్పులు తీర్చడానికి వెళ్లాను, తాళం వేసినవాళ్లు వేరు, అని రాశాను. చెయ్యి దానంతట అదే రాసింది.

ఆ వాసన ఇప్పటికీ నాకు ఇష్టం లేదు. కానీ పరుగెత్తను, కిటికీ తెరుచుకుని నిలబడతాను.

లంకమాస్టారు (నవంబరు 13)

అమ్మా, నీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఇంకో సంశయం. మా ప్రాంతంలో మానసిక వైద్యుడి గడప తొక్కారని తెలిస్తే ఆడపిల్లల సంబంధాలు ఆగిపోతాయి. ఆ కుర్రవాడికి కూతురుంది. దీనికి ఏమంటారు?

గౌతమిగట్టు (నవంబరు 13)

ఆ భయాన్ని తేలికగా తీసుకోను మాస్టారూ. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఎవరు ఏ చికిత్స తీసుకున్నారన్నది రహస్యంగా ఉంచడం రోగి హక్కు. మీ అనుమతి లేకుండా మీ సంగతి మీ బంధువులకు కూడా చెప్పకూడదు, చట్టం పేర్కొన్న ప్రాణాపాయం వంటి సందర్భాలు మాత్రమే దానికి మినహాయింపు. ఊళ్లో ఎవరూ చూడకుండా మొదటి అడుగు వేయాలనుకుంటే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క క్షణం కూడా ఆగకుండా అదే నంబరుకు చేయండి, లేదా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యాలయం ఉంది.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు అడగడానికి మొహమాటపడకండి. భారత పునరావాస మండలిలో (ఆర్.సి.ఐ.) క్లినికల్ సైకాలజిస్టుగా నమోదయ్యారా? గాయం మీద పనిచేసే ఏ పద్ధతిలో శిక్షణ పొందారు? బోర్డు మీద కౌన్సెలర్ అని ఎవరైనా రాసుకోవచ్చు. నమోదు అలా కాదు.

లంకమాస్టారు (నవంబరు 15)

కొబ్బరిరాశి బాబుకు ఒక సంగతి చెప్పాలి. ఇది సలహా కాదు, నేను కళ్లారా చూసింది. ఆ వారం మీ వైపు ఊళ్లలో నేను నడిచాను. కొబ్బరి చెట్లు వేర్లతో సహా లేచి, తలలన్నీ ఒకే దిక్కుకు పడి ఉన్నాయి. ఒకచోట పడవలను కట్టే మోకు, నా మణికట్టంత లావు, మధ్యకు తెగి చెట్టుకు వేలాడుతోంది. దాన్ని చేత్తో పట్టుకుని చూశాను. పడవల మోకులు తెంపిన నీరు అది నాయనా. పదకొండేళ్ల పిల్లవాడి వేళ్లు ఎంతసేపు ఆపగలవు?

కొబ్బరిరాశి (2026 ఫిబ్రవరి 22)

ఇన్నాళ్లూ రాయలేకపోయినందుకు అందరూ మన్నించాలి. 14416కు మూడుసార్లు కలిపి, పెట్టేశాను. నాలుగోసారి మాట్లాడాను. నైట్‌డ్యూటీ అక్కగారు చెప్పినట్టే ఆసుపత్రిలో చేరి తొమ్మిది రోజులున్నాను. రెండో రాత్రి చాలా కష్టమయింది, ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకోలేను. అప్పటి నుంచి రెండుసార్లు తాగాను, రెండుసార్లూ థెరపిస్టుకు చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆ రోజు ఏ వేళకు, ఎక్కడ, దేని తరవాత అని మాత్రం రాయించారు. రెండుసార్లూ సాయంత్రం ఆరు దాటాక, దింపు ముగిసి తోటలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు. ఇప్పుడు ఆ వేళకు పాపను సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఏటిగట్టు మీద తిప్పుతున్నాను. కోరిక వస్తుంది, అలలా లేచి, అరగంటలో దానంతట అదే పడిపోతుంది. ఈ సంగతి నాకు ఇంతకాలం తెలియదు, ఎప్పుడూ అరగంట ఆగలేదు కాబట్టి.

విడతలు ఎనిమిదయ్యాయి. వారానికి ఒకసారి ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ వెళ్తున్నాను. మొదట్లో వంతెన మీద కళ్లు మూసుకునేవాణ్ణి. నా వరసలో అది మూడో మెట్టు. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని గోదావరిని చూస్తున్నాను. ఆ రాత్రిని చెప్పిన రికార్డింగు ముప్ఫై నాలుగు నిమిషాలుంది. మొదటి వారం దాన్ని వింటే వాంతి వచ్చేది. ఈ మధ్య ఒకరోజు వింటుంటే, నా గొంతు ఒకచోట విసుగ్గా వినపడింది. అది మంచి సూచన అన్నారాయన.

అయిదో విడతలో ఒకటి జరిగింది. నేను చెయ్యి వదిలేశాను అనే ప్రతిసారీ చెబుతున్నానని ఆయన గమనించి, వేళ్లు ఎలా ఉన్నాయో చెప్పమన్నారు. కళ్లు మూసుకుని చూసుకున్నాను. వేళ్లు మూసి ఉన్నాయి. మూసిన వేళ్ల మధ్య తాడు ఉంది. వదిలిన చేతిలో తాడు తెగదు. అప్పుడు మాస్టారి మోకు గుర్తొచ్చి, థెరపిస్టుకు ఆ సంగతి చెప్పాను. చాలాసేపు ఏడ్చాను. ఇరవై తొమ్మిదేళ్లలో వాడి కోసం ఏడ్చింది అదే మొదటిసారి. అంతకుముందు ఏడ్చిందంతా నా తప్పు కోసమే.

రాజోలుకోడలు గారూ, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. అలాంటి పొడి ఒకటి తన దగ్గర కూడా ఉందని చెప్పి, తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి రికార్డింగు అరుగు మీద కూర్చుని వింటాను. మా నాన్నగారికి ఇప్పుడు డెబ్బై రెండు. తమ్ముడి పేరు ఆయన నోట నేను మళ్లీ వినలేదు. మొన్న ఆయన తలుపు వెనక నిలబడి ఉన్న సంగతి గమనించక వింటున్నాను. అయిపోయాక వచ్చి నా పక్కన కూర్చున్నారు. వాడికి ఊచ అందలేదురా, కిటికీ ఎత్తు ఎక్కువ, ఆ కిటికీ నేను పెట్టించిందే, అన్నారు. ఇంకేమీ అనలేదు. పొద్దున్నే టీ తాగుతూ, నువ్వు వెళ్లేది గురువారమే కదా, ఎన్నింటి బస్సు, అని అడిగారు.